మోకాళ్ళ మీద చేతులు

మాస్టారికి తన కంపెనీ అంటే అసహ్యం. సిబ్బంది గదిలో కుంగిపోయిన సోఫా అంటే అసహ్యం, దాని వీపు మీద ఎందరో పైలట్ల తలనూనె వదిలిన మరక అంటే ఇంకా అసహ్యం. గోడకు తగిలించిన ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న బోర్డు చూస్తే మాత్రం మొహం తిప్పేసుకునేవారు. నిజంగా కుటుంబమే అయితే ఆ కారే కుళాయిని ఎవడో ఒకడు బాగుచేయించి చావడూ? కాఫీ మిషన్ దగ్గి దగ్గి కప్పులో ఇంత ఉమ్మేది. ఎవరికే రోజు డ్యూటీయో రోస్టర్ వేసే పెద్దమనిషి ఫోన్ చేసి, "చిన్న సర్దుబాటు సార్, మీరు కాబట్టి అడుగుతున్నా" అని తీపిగా నసిగి, సెలవు రోజును కాస్తా ఊడబెరుక్కునేవాడు.

చిన్న చిన్న ఊళ్ళ మధ్య తిరిగే ప్రొపెల్లర్ విమానానికి ఆయన కెప్టెన్. అత్తగారు దాన్ని ‘పంకా బండి’ అనేది. "మా అల్లుడు పంకా బండి తోలతాడు" అని పక్కింటావిడతో చెబుతుంటే గోడవతల నుంచి వినపడేది. కొత్తగా చేరిన పైలట్లందరికీ ఆయన దగ్గరే శిక్షణ కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టారే. అసలు పేరు పెళ్ళాం కూడా మర్చిపోయిందేమోనని ఆయనకు అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

ఆ పంకా బండికి ఒక దుర్గుణం ఉంది. దిగేటప్పుడు, నేల ఇంకా అందకముందే ఇంజన్ల జోరు పెంచి తగ్గించే పవర్ లీవర్లు వెనక్కి లాగేస్తే, ఆ పంకాలే గాలికి అడ్డం తిరిగి బ్రేకు వేస్తాయి. విమానం ధబీమని కింద పడుతుంది. కొత్తవాళ్ళంతా సరిగ్గా అదే చేస్తారు. మెత్తగా దించి మెప్పు కొట్టేద్దామన్న యావ వాళ్ళది. అందుకని కుడి సీట్లో శిష్యుడు విమానం దించుతున్నంతసేపూ, ఎడమ సీట్లో మాస్టారు తన కుడి అరచేతిని పవర్ లీవర్ల వెనక అడ్డంగా నిలబెట్టి ఉంచేవారు. లీవర్లను తాకేవారు కాదు, ఊరికే అక్కడ ఉంచేవారు. తొందరపడి లాగినవాడి చెయ్యి ఆ అరచేతికి తగిలి ఆగిపోయేది. ఆ చెయ్యి అక్కడుందన్న ధైర్యంతో ఎంతోమంది దిగడం నేర్చుకున్నారు, నేర్చుకున్న మర్నాడే పెద్ద కంపెనీకి చెక్కేశారు. పోయేముందు ఒక స్వీటు డబ్బా చేతిలో పెట్టి, "అంతా మీ చలవే మాస్టారూ" అనేవారు. మాస్టారు మాత్రం ఆ సోఫా మీదే ఉండిపోయారు.

ఎందుకు ఉండిపోయారంటే, ఈ వృత్తిలో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. దాని పేరు వరస. నువ్వెంత గొప్పగా విమానం నడిపితే ఎవడిక్కావాలి? కంపెనీలో ఏ రోజు చేరావన్నదే లెక్క. సీటూ, రూటూ, పిల్లల సెలవుల్లో సెలవూ, అన్నీ ఆ వరసలోనే పంచుతారు. కంపెనీ మారావా, పాత వరస ఏట్లో కలిసిపోయినట్టే. కొత్తచోట మళ్ళీ తోక చివర నిలబడాలి. ఇక్కడ జుట్టు నెరిసిన కెప్టెన్ అక్కడికి పోయి, తాను అఆలు దిద్దించిన శిష్యుడి పక్కన కుడి సీట్లో కూర్చుని, "అలాగేనండీ" అనాలి. ఆ మాట నోటికి రాకే మాస్టారు ఇన్నేళ్ళూ తాత్సారం చేశారు. ఇప్పుడు పెద్ద కంపెనీవాళ్ళ వయసు గీత దగ్గరపడింది. నలభై అయిదు దాటితే గడప తొక్కనివ్వరు.

భార్య దంతవైద్యుడి దగ్గర పనిచేసేది. రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించడం, ఇంటికొచ్చి మొగుడి నోరు మూయించడం ఆవిడ దినచర్య.

"రోజూ ఆ కంపెనీని తిట్టుకుంటూ రావడం, తెల్లారి బూట్లు తుడుచుకుని మళ్ళీ అక్కడికే పోవడం. మీకు లేకపోతే పోయె, వినేదాన్ని నాకైనా సిగ్గుండొద్దా?" అంది ఒక సాయంత్రం. "పెద్ద కంపెనీయో, సరుకుల కంపెనీయో, ఏదో ఒకటి తేల్చండి. గోడమీద పిల్లిలా ఇంకెంత కాలం?"

సరుకుల కంపెనీ సంగతి చూద్దామని మాస్టారు గబ్బిలం ఇంటికి వెళ్ళారు. గబ్బిలం ఆయన పాత నేస్తం, రాత్రిళ్ళు పెట్టెల విమానం నడుపుతాడు. అక్కడ వరస గొడవ తక్కువ, మాస్టారిని నేరుగా కెప్టెన్‌గానే తీసుకుంటారు. "పెట్టెలు బంగారు తల్లులురా. వాంతులు చేసుకోవు, కాఫీ చల్లారిందని అరవవు" అని వాడు ఫోన్‌లో ఊదరగొట్టాడు.

మిట్టమధ్యాహ్నం వాడి గుమ్మం ముందు నిలబడి చూస్తే కాలింగ్ బెల్లు ఉండాల్సిన చోట పీకేసిన తీగలున్నాయి. కిటికీలన్నిటికీ నల్లగుడ్డ, అంచుల చుట్టూ టేపు. గబ్బిలం భార్య తలుపు తీసి, పలకరింపుగా కనుబొమలు ఎగరేసి, చేత్తో సోఫా చూపించింది. వంటింట్లో సింకు అడుగున, గిన్నెల చప్పుడు రాకుండా, పాత తువ్వాలు పరిచి ఉంది. వాళ్ళ పిల్ల నేలమీద బొమ్మలతో ఆడుకుంటోంది. మాస్టారు దాన్ని నవ్వించాలని కళ్ళు మెల్ల పెట్టారు. పిల్లకు నవ్వొచ్చింది, గబుక్కున రెండు చేతులతో నోరు నొక్కేసుకుంది. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే నొక్కేసుకుంది.

కాసేపటికి గబ్బిలం కళ్ళు ఉబ్బి, బుగ్గ మీద దిండు గీతలతో బయటికొచ్చాడు. "ఏరా, నిద్ర బాగా పడుతుందా?" అని మాస్టారు అడిగారు.

"పడుతుందిరా, భేషుగ్గా పడుతుంది. సెలవు రోజుల్లోనే పట్టదు" అన్నాడు వాడు, అదో విశేషం కాదన్నట్టు. వాడి నోటి నుంచి పులిసిన కాఫీ వాసన వచ్చింది.

"అది ఇల్లు కాదే బాబూ. ఆ పిల్ల నవ్వడానికి భయపడుతోంది. ఛీ, నా వల్ల కాదు" అన్నారు మాస్టారు ఇంటికొచ్చి. ఆవిడ ఈసారి వాదించలేదు. ఒక దారి మూసుకుంది కాబట్టి రెండో దారి పట్టుకోమంది.

రెండో దారికి చక్కెర కాపలా. చక్కెర మాస్టారి పాత శిష్యుడు, ఇప్పుడు పెద్ద కంపెనీలో కెప్టెన్. మాట్లాడితే తేనె కారుతుంది, అందుకే ఆ పేరు. మాస్టారి అరచేతికి అందరికంటే ఎక్కువసార్లు తగిలిన చెయ్యి అతనిదే. పవర్ ముందే లాగేసే జబ్బు అతనికి పూర్తిగా నయం కాకముందే పెద్ద కంపెనీ పిలిచింది, వెళ్ళిపోయాడు.

"మాస్టారూ, మీరు రావాలేగానీ! ముందొకసారి మా క్యాంటీన్‌కి రండి, మనవాళ్ళని పరిచయం చేస్తా" అన్నాడు.

క్యాంటీన్ అద్దంలా ఉంది. పళ్ళు తాజాగా ఉన్నాయి, వాటి మీద ఈగలు లేవు. బల్ల చుట్టూ కూర్చున్న కెప్టెన్లు ఇస్త్రీ మడత నలగకుండా నవ్వుతున్నారు. మాటల్లో ఎవరో పెద్ద కెప్టెన్ ప్రస్తావన వచ్చింది. ఆయనకు గుండెలో ఏదో తేడా చేసిందట, డాక్టర్లు ఇక విమానం ఎక్కనివ్వరట.

"అయ్యో పాపం" అన్నాడొకడు. వాడే బిస్కట్ కాఫీలో ముంచుతూ, "అయితే మనమంతా ఒక మెట్టు పైకేగా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఇంకొకడు, ఫలానా ఆయన కంటిచూపు కూడా మందగిస్తోందని, వచ్చే పరీక్షలో ఎగిరిపోవడం ఖాయమని శుభవార్త మోసుకొచ్చాడు. చక్కెర మాస్టారి వైపు వంగి, "పైన ఒకటి ఖాళీ అయితే కిందో సీటు వస్తుంది మాస్టారూ, అది మీదే అనుకోండి" అన్నాడు గుసగుసగా.

మాస్టారికి ఒళ్ళంతా కంపరం పుట్టింది. తోటివాడి గుండె ఆగితే వీళ్ళకు పండగా? అనుకున్నారు. అనుకుంటూనే, ఆ గుండె జబ్బాయన ఎప్పటికి ఖాళీ చేస్తాడా అని మనసు దానిపాటికది లెక్కలు కడుతోందని గమనించారు. అప్పుడు పుట్టిన రోత ముందరిదానికంటే ఎక్కువ. బిస్కట్ పళ్ళెం ఆయన ముందుకొస్తే అలాగే పక్కవాడికి జరిపేశారు. అయినా దరఖాస్తు మాత్రం పెట్టారు.

పరీక్ష సిమ్యులేటర్‌లో. సిమ్యులేటర్ అంటే ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన పెద్ద పెట్టె, లోపల అచ్చం విమానం ముందుభాగం. కుడి సీట్లో మాస్టారు, ఎడమ సీట్లో కెప్టెన్‌గా చక్కెర, వెనక ఎగ్జామినర్. ఇన్నేళ్ళూ ఎడమ సీట్లో కూర్చున్న మనిషికి కుడి సీట్లో చేతులు తారుమారవుతాయి. కుడి చేత్తో చేసేది ఎడమ చేత్తో చెయ్యాలి. అయినా మాస్టారు ఏ తడబాటూ లేకుండా నెట్టుకొచ్చారు. చివరికి విమానం దించే వంతు చక్కెరకు వచ్చింది. నేల ఇంకా దూరంగా ఉండగానే చక్కెర చెయ్యి పవర్ వెనక్కి లాగేసింది. అదే పాత జబ్బు!

"వేగం!" అన్నారు మాస్టారు. ఆ మాట నోటి నుంచి వస్తుండగానే ఎడమ చెయ్యి లీవర్లను ముందుకు తోసేసింది, కుడి చెయ్యి విమానాన్ని పైకి లేపేసింది. అంతా రెప్పపాటులో అయిపోయింది.

ఎగ్జామినర్ తెర మీది బొమ్మ ఆపేసి చక్కెర వైపు చూశాడు. చక్కెర చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే తేరుకుని పెద్దగా నవ్వాడు. "కావాలనే చేశాను సార్! మాస్టారు ఏం చేస్తారో చూద్దామని."

ఎగ్జామినర్‌కు నిజం తెలియకపోలేదు. కానీ చక్కెరతో రేపూ కలిసి పనిచెయ్యాలి, ఈ పంకా బండి ఆసామితో ఏం పని? "అవును, పరీక్షలో భాగమే" అన్నాడు గొంతు సవరించుకుని. "చూడండి, మా దగ్గర కుడి సీటుకో మర్యాద ఉంది. మొదట ఒకసారి చెప్పాలి. జవాబు కోసం ఆగాలి. రెండోసారి చెప్పాలి. అప్పటికీ కెప్టెన్ పలక్కపోతేనే చెయ్యి వెయ్యాలి. మీరు మాట, చెయ్యి ఒకేసారి వేశారు. మీరు కెప్టెన్‌లా ఉన్నారు, మాకు కావలసింది కెప్టెన్ కాదు."

బయటికొచ్చాక చక్కెర మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకండి మాస్టారూ. వచ్చే నెల మళ్ళీ పిలిపిస్తా, మీ వయసు గీతకు ముందే. మీరు చెయ్యాల్సిందల్లా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోవడం. అంతే!"

భుజం మీది ఆ చేతిని దులిపేయాలని మాస్టారికి ఎంత అనిపించిందో! దులపలేదు. "అలాగేనయ్యా" అన్నారు. వాడి తప్పును నెత్తిన పెట్టుకుని, వాడికే కృతజ్ఞతలు చెప్పి ఇంటికొచ్చారు.

ఇంట్లో శిక్షణ మొదలైంది. ఉపాయం కూతురిది. భోజనాల బల్ల దగ్గర మాస్టారు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోవాలి. కూతురు ఒక స్టీలు గ్లాసును నీళ్ళతో సహా అంచుకు నెడుతుంది. ఆయన "గ్లాసు" అనాలి, ఆగాలి, మళ్ళీ "గ్లాసు" అనాలి, ఆ తర్వాతే పట్టుకోవాలి. అత్తగారు ఎగ్జామినరు. మొదట్లో ఆయన చెయ్యి మాటకంటే ముందే లేచి గ్లాసు పట్టేసుకునేది.

"మళ్ళీ లేపారు చెయ్యి!" అని అత్తగారు అట్లకాడతో బల్ల మీద కొట్టేది. "ఏం మనిషండీ, పడితే పడనీ! మీ తాతగారి సొమ్మేం పోయింది?"

"నాన్నా, నువ్వు ఫెయిల్" అనేది కూతురు, చంకలు గుద్దుకుంటూ.

ఇల్లంతా నీళ్ళు. భార్య తుడిచీ తుడిచీ, "ఈ వయసులో బుద్ధిగా కూర్చోవడం నేర్పాల్సి వస్తోంది, నా ఖర్మ" అని నవ్వేది. ఒక ఆదివారం గ్లాసు జారింది. మాస్టారు "గ్లాసు" అన్నారు, ఆగారు. గ్లాసు నేలమీద పడి దొర్లుకుంటూ పోయింది. ఆయన చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి, కనీసం ఉలిక్కిపడలేదు. ఆడవాళ్ళు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా నవ్వారు గానీ, తన చేతులు ఎవరివో అన్నట్టు వాటి వంక కాస్త వింతగా చూసుకున్నారు.

రెండో పరీక్షలో చక్కెర మళ్ళీ ముందే పవర్ లాగాడు. "వేగం" అన్నారు మాస్టారు. చక్కెర పలకలేదు. "వేగం" అన్నారు మళ్ళీ. "ఊఁ, చూస్తున్నా" అని చక్కెర తీరిగ్గా సరిచేశాడు, అప్పటికే పెట్టె కుయ్యోమని ఊగి కింద గుద్దుకుంది. నిజం విమానమైతే వెనక జనం గగ్గోలు పెట్టేవాళ్ళు. ఎగ్జామినర్ సంతోషంగా తలూపాడు. "చాలా ప్రశాంతంగా ఉన్నారు. మీలాంటివాళ్ళే మాకు కావాలి."

ఉద్యోగం ఖాయమైంది. సిబ్బంది గదిలో అందరూ చేతులు కలిపారు. ఆ చప్పట్లూ షేక్‌హ్యాండ్‌ల మధ్య మాస్టారికి నోరంతా చేదుగా ఉంది. సరే, ఏం చేస్తాం, ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు అనుకున్నారు. రాజీనామా నోటీసు కాలం ఇంకా మిగిలి ఉంది, అన్నాళ్ళూ పంకా బండి నడపాలి.

ఆ రోజుల్లో ఆయన పక్కన కుడి సీట్లో పిచ్చుక అనే కొత్త పైలట్ పిల్ల ఉండేది. పిడికెడంత మనిషి, చేరి ఏడాది కాలేదు. మంచి చెయ్యి, కాస్త తొందర. గాలి జోరుగా వీస్తున్న ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయే దించుతోంది. రన్‌వే దగ్గరపడింది. పిచ్చుక పవర్ వెనక్కి లాగింది, ఎప్పట్లాగే మాస్టారి అరచేతికి తగిలి ఆగుతుందన్న నమ్మకంతో లాగింది.

అరచెయ్యి అక్కడ లేదు. మోకాలి మీద ఉంది.

"పవర్" అన్నారు మాస్టారు, ఆగారు. ఆగడమేమిటి? ఎవరి జవాబు కోసం? ఆ సంగతి ఆయన బుర్రకు తట్టేలోపల పంకాలు గాలికి అడ్డం తిరిగాయి, విమానం కాళ్ళు విరిగేంతగా నేలను గుద్దింది. వెనక సామాన్ల తలుపులు తెరుచుకుని సంచులు జనం మీద పడ్డాయి. పిల్లలు ఏడ్చారు. ఎలాగో విమానాన్ని ఆపారు. ఎవరి ప్రాణమూ పోలేదు, కానీ వెనక సీట్లో కూర్చున్న ఎయిర్‌హోస్టెస్ లేవలేకపోయింది. ఆమె వెన్నుపూస చిట్లింది.

మర్నాడు మేనేజర్ గదిలో ఏసీ తప్ప ఏదీ పనిచేస్తున్నట్టు లేదు. మేనేజర్ పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ మాట్లాడాడు.

"మాస్టారూ, మీరు కాస్త నిమ్మళంగా ఉండండి. దించింది ఈ అమ్మాయి. కొత్తది, చేతకాలేదు, అయిపోయింది. శిక్షణ ఆపేసి ఇంటికి పంపిస్తాం. మీ కొత్త ఉద్యోగానికి దీంతో ఏ సంబంధం లేకుండా నేను చూసుకుంటా."

పిచ్చుక తల వంచుకుని నిలబడింది. "తప్పు నాదే సార్. పవర్ లాగింది నేనే. మాస్టారు చెప్పారు కూడా, నేనే అందుకోలేకపోయాను" అంది. ఆయన్ని కాపాడాలని కాదు, ఆ పిల్ల నిజంగానే అలా నమ్మింది. అదే మాస్టారిని పొడిచింది. చక్కెరకు అబద్ధమైనా ఆడాల్సి వచ్చింది, తనకు ఆ శ్రమ కూడా లేదు! ఊరికే కూర్చుంటే చాలు.

"లాగింది ఆమే. లాగనిచ్చింది నేను" అన్నారు మాస్టారు.

"అదేలెండి, మీరు పెద్దమనసుతో..."

"మనసూ లేదు, మట్టీ లేదు. వినండి. అక్కడ నా చెయ్యి ఉండాలి. లేదు. మాట అని ఊరుకున్నాను. ఆ పిల్లకి నేర్పింది నేను, దించుతున్నప్పుడు కెప్టెన్ని నేను. రాస్తే నా పేరు రాయండి."

మేనేజర్ పుల్ల నోట్లోంచి తీశాడు. "మీకేమైనా మతి పోయిందా? అక్కడ కబురు తెలిస్తే మీ ఫైలు పక్కన పడేస్తారు. విచారణ తేలేసరికి మీ వయసు దాటిపోతుంది."

"తెలుసు" అన్నారు మాస్టారు.

చెప్పినట్టే జరిగింది. పెద్ద కంపెనీ ఫైలు పక్కన పెట్టింది, వయసు గీత దాటిపోయింది. చక్కెర ఫోన్ చేసి, "ఎంత పని చేశారు మాస్టారూ, నా పరువు కూడా పోయింది" అని నొచ్చుకున్నాడు. సరుకుల కంపెనీవాళ్ళు కూడా విచారణ మాట వినగానే మొహం చాటేశారు. పిచ్చుక శిక్షణ ఆగలేదు. మాస్టారికి మాత్రం శిక్షణ ఇచ్చే హోదా తీసేసి, ఉత్త కెప్టెన్‌గా పంకా బండి మీదే ఉంచారు.

పెద్ద కంపెనీ కబురు తెలిసిన సాయంత్రం భార్య క్లినిక్ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆయన ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అందరం కూర్చోబెట్టి నేర్పాం కదండీ! ఇల్లంతా నీళ్ళు చేసుకుని నేర్పాం. ఆ మేనేజర్ దారి చూపించాడు, ఆ అమ్మాయే ఒప్పుకుంది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు నోరు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోవడం మీకు చేతకాలేదా?"

"చేతనైందే" అన్నారు మాస్టారు. "విమానం గుద్దుకున్న రోజు అదే చేశాను. ఎయిర్‌హోస్టెస్ ఇంకా మంచం మీదే ఉంది."